వైఫై సంభాషణలలో ఫోను విద్యుత్తు పొదుపు

భారత్‌నెట్ పథకము వలన అనేక గ్రామ పంచాయతీలకు ఆప్టికల్ ఫైబరు కేబులు చేరినది. పంచాయతీ కార్యాలయమున వైఫై ఏర్పడిన గ్రామములలో, దూరదేశమందున్న కుమారునితో ఇంటర్నెట్ ద్వారా ముచ్చటించుట వృద్ధులకు సైతము సాధ్యమగుచున్నది. అయితే ఆ ముచ్చటతోనే బ్యాటరీ అడుగంటిన యెడల, ఆ రాత్రి ఇంట ఎవరికైన ప్రాణాపాయము కలిగినచో 108కి ఫోను చేయుట ఎట్లు? కావున ఈ పొదుపు స్వల్ప విషయము కాదు.

వైఫై ద్వారా మన మాట ఏకధారగా పోదు. సాధారణముగా 20 మిల్లీసెకన్లకు ఒకటి చొప్పున, సెకనుకు 50 చిన్న పొట్లములుగా పోవును. అవతలివారి మాటయు అట్లే వచ్చును. ఒక్కొక్క పొట్లమునకు పట్టు కాలము అత్యల్పము. తక్కిన కాలమంతయు ఫోనులోని రేడియో తదుపరి పొట్లమునకై మేలుకొని వినుచుండును. ఇట్లు ఊరక వినుటకు అగు ఖర్చు, పొట్లమును స్వీకరించుటకు అగు ఖర్చుకు ఇంచుమించు సమానము. ఒక్క ఉత్తరమునకై దినమంతయు వీధి గుమ్మమున నిలిచియుండుట వంటిదే ఇది!

1997 నాటి మొదటి వైఫై ప్రమాణములోనే దీనికి ఒక ఉపాయము కలదు. ఫోను నిద్రించును, దానికి వచ్చిన పొట్లములను రౌటరు దాచియుంచి, సుమారు 100 మిల్లీసెకన్లకు ఒకసారి చాటింపు వేయును. లిఖిత సందేశములకు ఇది చాలును. మాటకు మాత్రము చాలదు. పలుకు చేరుటకు మొత్తము 150 మిల్లీసెకన్లకు మించి ఆలస్యమైనచో సంభాషణ కుంటుపడవచ్చును. చాటింపుకై వేచియుండుటలోనే అందు అధికభాగము గడచిపోవును.

అందుచే 2005లో మరియొక పద్ధతి ప్రమాణములో చేర్చబడినది. ఫోను తన పొట్లమును పంపునపుడే, తనకు వచ్చినవానిని ఇమ్మని రౌటరునకు సూచించి, అవి అందగనే మరల నిద్రించును. మన ఉత్తరమును తపాలా కచేరీలో వేయబోయినపుడే మనకు వచ్చిన ఉత్తరములను తెచ్చుకొనుట వంటిది ఇది. ఈ సౌకర్యమునకు డబ్ల్యూ.ఎం.ఎం. పవర్ సేవ్ అని పేరు. ఫోను, రౌటరు రెండింటియందును ఇది ఉన్నగాని ఫలితము కలుగదు.

పంచాయతీ సభ్యులు గమనింపదగిన విషయములు ఇవి:

1. రౌటరు కొనునపుడు ఈ సౌకర్యము కలదో లేదో విచారింపవలెను. ఉన్నచో దానిని ఆపివేయరాదు.

2. రౌటరును ఇనుప బీరువా చాటున ఉంచరాదు. ఎత్తున, ప్రజలు కూర్చుండు చోటికి చేరువగా అమర్చవలెను. సంకేతము బలహీనమైనచో పొట్లములు తప్పిపోయి, వానిని మరల మరల పంపుటలో బ్యాటరీ వృథాయగును.

3. కరెంటు పోయినపుడు రౌటరు ఆగిపోవును గనుక దానికి బ్యాటరీ ఆధారము కల్పింపవలెను.

4. మాట మాత్రమే చాలినపుడు వీడియో వలదని ప్రజలకు తెలుపవలెను. కెమెరా, తెర రెండును విద్యుత్తును హరించును. ఫోనును చెవివద్ద ఉంచుకొన్నచో సాధారణముగా తెర తానే ఆరిపోవును.

తదుపరి సమావేశమునకు ముందే సభ్యులు తమ కార్యాలయపు రౌటరు ఎచ్చట ఉన్నదో ఒకసారి పరికింతురు గాక. ముచ్చట ముగిసిన పిదపను ఫోనులో కొంత శక్తి మిగిలియుండుట, ఆపత్సమయమున ఒక కుటుంబమునకు కొండంత అండ కాగలదు.