అయ్యగారి గది బయట కుర్చీ

పీఏ అంటే ఫోన్లు ఎత్తడం, టైపు కొట్టడం, వచ్చినవాళ్లకు చాయ్ తెప్పించడం అనుకుంటారు చాలామంది. మంత్రి పీఏ, కలెక్టర్ పీఏ అంటే ఆ కుర్చీకి ఓ దర్జా ఉంటుంది. కాలేజీ చాపెల్‌లో పెద్దయ్యగారికి పీఏ అంటే మాత్రం మా చిట్యాలలో ఇప్పటికీ సగం మందికి అర్థం కాదు. "చర్చిల పని చేస్తవా, కాలేజీల పని చేస్తవా?" అని అడుగుతారు. రెండూ అంటే నవ్వుతారు.

నేను హైదరాబాద్‌లో ఒక క్రైస్తవ కాలేజీ చాపెల్ ఆఫీసులో తొమ్మిదేళ్లుగా పని చేస్తున్నాను. కాలేజీ పేరు రాయను. మా దగ్గరికి వచ్చేవాళ్ల కష్టసుఖాలు వాళ్లవి. పేరు రాస్తే ఎవరో ఒకరు గుర్తుపడతారు. చాప్లెయిన్ గారు, ఆయన కింద మరో ఇద్దరు అయ్యగార్లు. ముగ్గురికీ నేనొక్కదాన్నే. మాది కాలేజీ చాపెలే అయినా స్టాఫ్ కుటుంబాలు, చుట్టుపక్కల బస్తీల వాళ్లు కలిసి ఒక సంఘంగా ఉన్నారు. కాబట్టి పెళ్లిళ్లు, బాప్తిస్మాలు, భూస్థాపనలు అన్నీ ఉంటాయి.

రోజువారీ పని చెప్పాలంటే పెద్ద జాబితానే. ఏ ఆదివారం ఎవరు వాక్యం చెప్పాలో రాసుకోవాలి. బయటి ప్రసంగీకుడైతే బస్సు టికెట్ నుంచి భోజనం దాకా చూడాలి. ఆరాధన క్రమం టైపు చేసి, పాడే కీర్తనల నంబర్లు క్వయర్ వాళ్లకు గురువారానికల్లా అందించాలి. శ్రమల దినాలు, డిసెంబర్ నెల వచ్చాయంటే ఇంట్లోవాళ్లు నా మొహం చూడటమే తక్కువ. కానుకల లెక్క ఇద్దరు పెద్దలు కలిసి చేస్తారు. నేను వోచర్ రాస్తాను తప్ప నోటు ముట్టుకోను. అది మొదటి రోజే పెద్దయ్యగారు చెప్పిన నియమం.

ఇదంతా ఎవరైనా నేర్చుకోవచ్చు. ఈ ఉద్యోగంలో అసలు కష్టం వేరే ఉంది. అది నా వెనక ఉన్న ఇనుప బీరువాలో ఉంది.

పేరు కనబడని పని

ఈ పని కొత్తదేం కాదు. 1805లో లండన్ మిషనరీలు జార్జ్ క్రాన్, అగస్టస్ దెగ్రాంజ్ విశాఖపట్నం వచ్చి సువార్తలను తెలుగులోకి తేవడం మొదలుపెట్టారు. భాష దగ్గర వాళ్లకు అండగా నిలిచింది ఆనందరాయరు అనే తెలుగు తెలిసిన బ్రాహ్మణ క్రైస్తవుడు. 1812లో సేరంపూర్‌లో ఆ సువార్తలు అచ్చయ్యేనాటికి దొరలిద్దరూ బతికి లేరు. ఇప్పటికీ ఆ దొరల పేర్లు తెలిసినంతగా ఆనందరాయరు పేరు ఎంతమందికి తెలుసు?

మా నల్లగొండకు 1890లో రష్యా నుంచి వచ్చిన మెన్నొనైట్ దంపతులు అబ్రహాం ఫ్రీజెన్, మరియా మిషన్ పని మొదలుపెట్టారు. ఆ దంపతులకు ఊరూరా తోవ చూపి, మాట అందించినవాళ్లు మనవాళ్లే అయి ఉంటారు కదా. తర్వాతి కాలంలో తెలుగు సంఘాలు కలిసి 1964లో రాజమండ్రిలో ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాల పెట్టుకున్నాయి. 1973లో అది హైదరాబాద్ వచ్చింది. ఇలాంటి చోట చదివినవాళ్లే అయ్యగార్లు అవుతారు. వాళ్ల పక్కన కూర్చునే మాలాంటి వాళ్లకు మాత్రం ఏ కాలేజీ లేదు. పనిలోనే నేర్చుకోవాలి.

ఒక మనిషి, రెండు పేర్లు

బీరువాలో బాప్తిస్మ రిజిస్టర్, వివాహ రిజిస్టర్, భూస్థాపన రిజిస్టర్ ఉంటాయి. తాళంచెవులు రెండు. ఒకటి చాప్లెయిన్ గారి దగ్గర, ఇంకొకటి నా దగ్గర.

వారానికి నలుగురైదుగురు సర్టిఫికెట్ల కోసం వస్తారు. సగం మందికి పేరు దగ్గరే చిక్కు. బడిలో ఎల్లమ్మ, చర్చిలో మార్తమ్మ. ఆధార్‌లో యాదయ్య, రిజిస్టర్‌లో యాకోబు. మా ఊరి వైపు ఇది ఇంటింటి సంగతి. చిన్నప్పటి నుంచి చూసినదాన్ని కాబట్టి "మీ నాయన ఇంటి పేరేంది? అమ్మను ఏమని పిలుస్తుండె?" అని అడిగి వెతుకుతాను. పెద్ద వయసు వాళ్లయితే పాత నిజాం కాలపు కాగితం తెస్తారు. అందులో ఫసలీ సంవత్సరం ఉంటుంది. ఫసలీ 1350 అంటే 1940 అక్టోబర్ నుంచి 1941 అక్టోబర్ దాకా. ఆ లెక్క తెలియకపోతే వయసు ఎక్కడికో పోతుంది.

పెళ్లి పనుల్లో చట్టం ఇంకా గట్టిది. భారత క్రైస్తవ వివాహ చట్టం 1872 నాటిది. ముందుగా నోటీసు ఇవ్వాలి. నోటీసు మీద ఇచ్చిన సర్టిఫికెట్ రెండు నెలల్లో వాడుకోకపోతే చెల్లదు, మళ్లీ మొదటికి రావాలి. అబ్బాయికి 21, అమ్మాయికి 18 నిండాలి. ఇద్దరు సాక్షుల సంతకాలు కావాలి. ఈ సంగతులు ముహూర్తాలకు, ఫంక్షన్ హాల్ బుకింగులకు తెలియవు. కార్డులు అచ్చేసుకున్నాక వచ్చి "రేపే పెళ్లి మేడం" అంటారు. వాళ్ల ఏడుపు చూస్తే కడుపు తరుక్కుపోతుంది. కానీ తేదీ వెనక్కి జరపలేం.

ఒకే పేజీ, ఇద్దరి భయం

ఒక పంచాయతీ ఎన్నికలప్పుడు ఒకాయన వచ్చాడు. వాళ్ల ఊళ్లో సర్పంచ్ సీటు ఎస్సీకి రిజర్వయింది. నిలబడిన అభ్యర్థి మా చాపెల్‌లో బాప్తిస్మం తీసుకున్నాడని ఈయనకు ఎవరో చెప్పారట. "ఆ పేజీ ఫొటో కొట్టి ఇయ్యి మేడం, ఊకెనే వద్దులే" అని కవర్ టేబుల్ మీద పెట్టాడు. కవర్ తిరిగి ఆయన చేతిలోనే పెట్టాను. ఇంటికి చేరేలోపు మా కమిటీలో పలుకుబడి ఉన్న ఒకరి నుంచి ఫోన్. "చూపిస్తే ఏం పోతది?" అని.

అదే ఏడాది మరో తండ్రి వచ్చాడు. కూతురికి ఇంజనీరింగ్‌లో సీటు. కుల సర్టిఫికెట్ మీద ఎవరో అర్జీ పెడతారేమోనని భయం. "ఆ కాగితం చింపేయి బిడ్డా, నీ కాల్మొక్త" అన్నాడు. నా తండ్రి వయసు ఉంటుంది ఆయనకు.

విషయం తెలియనివాళ్ల కోసం చెబుతాను. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా మొదట హిందువులకే. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులు, ముస్లింలు అందులో లేరు. మన రాష్ట్రంలో క్రైస్తవంలోకి మారిన ఎస్సీలు, వాళ్ల సంతానం బీసీ-సీ కిందికి వస్తారు. ఎస్సీలకు 15 శాతం ఉంటే బీసీ-సీకి 1 శాతం. మతం మారినవాళ్ల సంగతి పరిశీలించడానికి కేంద్రం 2022 అక్టోబర్‌లో జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ కమిషన్ వేసింది. వాడలో ఇల్లు అదే, ఊళ్లో పలకరింపు అదే. కాగితం మీద మాత్రం మనిషి మారిపోతాడు. అందుకే మా బీరువాలోని ఒక్క గీత మీద ఒకరి పదవి, ఒక పిల్ల చదువు ఆధారపడి ఉంటాయి.

ఆ రెండు సంగతులూ పెద్దయ్యగారి ముందు పెట్టాను. ఆయన రెండింటికీ ఒకటే జవాబు చెప్పారు. "రాసినదాన్ని చెరపం, లేనిదాన్ని రాయం, సంబంధం లేనివాళ్లకు చూపించం." ఎవరి వివరం వాళ్లు రాతపూర్వకంగా అడిగితే ఇస్తాం. కోర్టు ఉత్తర్వు వస్తే కోర్టుకు ఇస్తాం. మిగతావాళ్లకు, కమిటీ పెద్దలకైనా సరే, లేదు. ఆ మాటే కాగితం మీద టైపు చేయించి, సంతకం పెట్టి, బీరువా తలుపుకి లోపలి వైపు అతికించమన్నారు.

ఎన్నికల ఆయన కోపంగా వెళ్లిపోయాడు. ఆ తండ్రికి మాత్రం చెప్పడం నా వల్ల కాలేదు. పెద్దయ్యగారే లోపలికి పిలిచి అరగంట కూర్చోబెట్టుకున్నారు. బయటికి వచ్చినప్పుడు ఆయన కళ్లు ఎర్రగా ఉన్నాయి. చాయ్ తాగమంటే వద్దన్నాడు. కాగితం చింపనందుకు నాకు బాధ లేదు. చింపితే రేపు ఇంకొకరి పెళ్లి రుజువు, ఇంకొకరి వారసత్వం రుజువు కూడా చింపగలిగే ఆఫీసు అవుతుంది మాది. కానీ దేవుడి దగ్గర పేరు రాయించుకున్న మనిషి దాన్ని చూసి భయపడాల్సి రావడం ఏమి న్యాయం? ఈ ప్రశ్న నా కుర్చీ స్థాయిది కాదు. అయినా రోజూ అదే కుర్చీలో కూర్చుంటాను కాబట్టి అడుగుతున్నాను.

అన్నీ ఇలాంటివే రావు. ఒకరోజు చేతికర్ర పట్టుకుని ఒక ముసలామె వచ్చింది. సర్టిఫికెట్ వద్దంది. "మా అమ్మ పేరు మీ బుక్కుల ఉన్నదంట. ఒక్కపారి చూపియ్యి బిడ్డా." తల్లికి ఫొటో లేదు, పట్టా లేదు, ఓటరు కార్డు రాకముందే పోయింది. వెతికితే దొరికింది. ఆమెకు చదువు రాదు. గీత మీద వేలు పెట్టి చూపించాను. ఆ వేలు పక్కనే తన వేలు పెట్టి చాలాసేపు నిలబడింది.

వచ్చేవాళ్లకు నాలుగు మాటలు

పాత సర్టిఫికెట్ కోసం ఏ చర్చి ఆఫీసుకు వెళ్లినా ఇవి వెంట పెట్టుకోండి: పదో తరగతి మెమో, ఆధార్, తల్లిదండ్రుల పేర్లు, మీకున్న అన్ని పేర్లు. తేదీ గుర్తు లేకపోతే "పంట కోతలప్పుడు", "ఈస్టర్ ముందు" అన్నా మాకు చాలు, వెతుకుతాం.

బాప్తిస్మ సర్టిఫికెట్ జనన ధ్రువీకరణ పత్రం కాదు. 2023 అక్టోబర్ 1 తర్వాత పుట్టిన పిల్లలకు బడికైనా పాస్‌పోర్టుకైనా పుట్టిన తేదీకి జనన ధ్రువీకరణ పత్రమే ఆధారం. మునిసిపాలిటీలోనో పంచాయతీలోనో వెంటనే రాయించండి.

పెళ్లికి హాల్ కన్నా ముందు చర్చి ఆఫీసుకు రండి.

చివరగా, అయ్యగారితో మాట్లాడాల్సింది ఉంటే "ఏం పని?" అని నేను అడిగినప్పుడు మొత్తం చెప్పక్కర్లేదు. "సొంత విషయం" అంటే చాలు. డైరీలో అంతే రాస్తాను.