పేరు ఊళ్లో... తల పెట్టెలో!

తెల్లదొరలకు ఎదురుతిరిగిన ఆఫ్రికా నాయకుల్ని చంపి, తలలు కోసి ఓడెక్కించారు. ఐరోపా మ్యూజియాల అరల్లో ఆ తలలు నంబర్లయిపోయాయి. పేర్లు మాత్రం ఊళ్లోనే ఉండిపోయాయి, తాతలు మనవళ్లకు చెప్పిన కథల్లో. నూట పాతికేళ్ల తరవాత ఇప్పుడు నంబరుకీ పేరుకీ ముడివేసే పని జరుగుతోంది.

కిలిమంజారో పర్వతం దక్షిణపు వాలులో, అరటితోటల మధ్య ఓల్డ్ మోషీ అనే ఊరుంది. టాంజానియా దేశం. ఆ ఊళ్లో ఓ ముసలి తుమ్మచెట్టు. 1900 మార్చి 2న జర్మన్లు చాగ్గా ప్రజల నాయకుడు మాంగీ మెలీని ఉరితీసింది ఆ చెట్టుకే. మాంగీ అంటే వాళ్ల భాషలో రాజు. అదేరోజు మరో 18 మంది మెడలకూ ఉరితాడు బిగించారు. తిరుగుబాటుకు కుట్ర పన్నుతున్నారన్న అనుమానం చాలింది. దాని వెనక పాత కక్షా ఉంది. 1892లో ఇదే మెలీ మనుషులు జర్మన్ పటాలాన్ని చావగొట్టి కొండ దింపారు.

ఉరితీశాక మెలీ తల కోసి జర్మనీకి పంపేశారని ఊరంతా చెబుతుంది. దాని జాడ కోసం ఆయన మనవడు దశాబ్దాల తరబడి జర్మన్ అధికారులకు విన్నపాలు పెట్టుకుంటూనే వచ్చాడు. తాత తల ఎక్కడుందో చెబితే తెచ్చుకుని మట్టిచేసుకుంటానన్నది ఆయన కోరిక. తాతను చూసి ఎరగడు. ఆయనకు తెలిసిందల్లా ఇంట్లో విన్న కథ, కళ్లెదుట ఉన్న చెట్టు.

ఇలాంటి కథలున్న ఇళ్లు ఆఫ్రికాలో చాలా ఉన్నాయి.

తలే ఎందుకు?

చంపినవాణ్ని పాతిపెడితే సరిపోయేదిగా, తల కోసి అంతదూరం మోసుకెళ్లడం ఎందుకు? ఒక కారణం, అప్పట్లో శాస్త్రమని చలామణీ అయిన పిచ్చి. పుర్రె కొలిచి మనిషి జాతినీ తెలివినీ తేల్చేయొచ్చని పందొమ్మిదో శతాబ్దపు పండితులు గట్టిగా నమ్మారు. బెర్లిన్‌లో ఫెలిక్స్ వాన్ లూషాన్ అనే మానవశాస్త్రవేత్త వేల పుర్రెలు పోగేశాడు. వలసల్లోని సైనికాధికారులూ డాక్టర్లూ వాటిని పెట్టెల్లో సర్ది పంపేవారు.

రెండో కారణం రాజకీయం. సమాధి ఉంటే దాని మీద దండ పడుతుంది. దండ పడ్డచోట ఏడాదికోసారి జనం చేరతారు. చేరినవాళ్లు ఊరికే కూర్చోరు. ఆ సంగతి దొరలకు బాగా తెలుసు.

నమీబియాలో జరిగింది వింటే అన్నం సహించదు. 1904లో హెరెరో ప్రజలు జర్మన్ల మీద తిరగబడ్డారు. ఆ ఏడాది అక్టోబరు 2న జనరల్ లోథార్ వాన్ ట్రోథా, ఆ జర్మన్ వలస సరిహద్దుల్లో కనిపించిన ప్రతి హెరెరోనూ కాల్చేయాలని ఆజ్ఞ రాయించాడు. తరిమితే ఎడారిలో పడి దాహంతో చచ్చినవాళ్లు చచ్చారు. మిగిలినవాళ్లను షార్క్ ఐలండ్ లాంటి నిర్బంధ శిబిరాల్లో పెట్టారు. అక్కడ చనిపోయినవారి తలల్ని ఉడకబెట్టి, గాజుపెంకులతో మాంసం గీకి శుభ్రం చేసే పని ఖైదీలుగా ఉన్న ఆడవాళ్లకు అప్పగించారు. తమవాళ్ల తలలు, తమ చేతులతోనే. అలా బెర్లిన్ చేరిన వాటిలో 20 పుర్రెలు 2011లో నమీబియాకు తిరిగొచ్చాయి. విండ్‌హోక్ విమానాశ్రయంలో వాటికి ఎదురెళ్లిన జనంలో హెరెరోలూ ఉన్నారు, వాళ్లలాగే జర్మన్లతో పోరాడిన నామా తెగవాళ్లూ ఉన్నారు.

ఆఫ్రికాకు చరిత్రే లేదని హెగెల్ అంతటి తత్వవేత్త పాఠం చెప్పాడు. అదే నమీబియాలో నామా నాయకుడు హెండ్రిక్ విట్‌బోయి తాను పంపిన ప్రతి ఉత్తరానికీ నకలు రాయించి దాచుకునేవాడు. 1893లో జర్మన్లు ఆయన స్థావరం హోర్న్‌క్రాంజ్ మీద తెల్లవారుజామున పడి, ఆ కాగితాల్లో కొన్నింటిని ఎత్తుకుపోయారు. 1905లో యుద్ధరంగంలోనే ఆయన ప్రాణం పోయింది. ఆయన బైబిలూ కొరడా చాలాకాలం ష్టుట్‌గార్ట్ మ్యూజియంలో ఉండి, 2019లో ఇల్లు చేరాయి. ఆ ఉత్తరాలకు ఇప్పుడు యునెస్కో ప్రపంచ స్మృతి జాబితాలో చోటుంది. చరిత్ర లేదన్నవాళ్లే ఆ చరిత్రను మూటగట్టి తీసుకుపోయారన్నమాట!

5,000 రూపాయల తల

మళ్లీ టాంజానియాకు వద్దాం. దక్షిణాది ఎత్తైన భూముల్లో హెహే ప్రజల రాజు మ్క్వావా. 1891 ఆగస్టు 17న లుగాలో దగ్గర ఆయన యోధులు పొదల్లో మాటువేశారు. జర్మన్ సేనాని ఎమిల్ వాన్ జెలెవ్‌స్కీ బారుగా నడిపించుకొస్తున్న పటాలం మీద ఈటెలతో విరుచుకుపడ్డారు. నిమిషాల్లో అంతా అయిపోయింది. జెలెవ్‌స్కీ, అతని బలగంలో చాలామంది అక్కడే కూలిపోయారు. వాళ్ల తుపాకులు మ్క్వావా చేతికొచ్చాయి.

మూడేళ్లకు జర్మన్లు ఫిరంగులతో వచ్చి కలెంగాలోని మ్క్వావా కోటను పడగొట్టారు. ఆయన మాత్రం దొరకలేదు. నాలుగేళ్లు అడవుల్లో తిరుగుతూ వాళ్లను నిద్రపోనివ్వలేదు. చివరికి తలకు వెలకట్టారు: 5,000 రూపాయలు. అవును, రూపాయలే. జర్మన్ తూర్పు ఆఫ్రికాలో అప్పుడు నడిచిన నాణెం మనదే. హిందూ మహాసముద్రం మీది వ్యాపారం మోసుకెళ్లిన రూపాయిని జర్మన్లు కైజర్ బొమ్మతో ముద్రించి వాడుకున్నారు. 1898 జులై 19న సైనికులు చుట్టుముడుతుంటే మ్క్వావా తనను తానే కాల్చుకున్నాడు. బతికి పట్టుబడితే ఏమవుతుందో ఆయనకు తెలుసు. చచ్చాక కూడా వదల్లేదు, తల కోసుకుపోయారు.

ఆ తల వెర్సాయ్ సంధిలోకీ ఎక్కింది. మొదటి ప్రపంచయుద్ధాన్ని ముగించిన 1919 నాటి ఆ ఒప్పందం 246వ అధికరణంలో, సుల్తాన్ మ్క్వావా పుర్రెను ఆరునెలల్లో బ్రిటిష్ ప్రభుత్వానికి అప్పగించాలని రాశారు. ప్రపంచ పటాన్ని తిరగగీసిన కాగితంలో ఒక ఆఫ్రికా రాజు తలకు చోటు దొరికింది. అలాగని ఇంగ్లీషువాళ్లకు మ్క్వావా మీద ప్రేమేమీ లేదు. కొత్తగా చేతికొచ్చిన వలసలో హెహేల మద్దతు కావాలి.

ఆరునెలలు కాస్తా 35 ఏళ్లయింది. 1953లో బ్రిటిష్ గవర్నర్ ఎడ్వర్డ్ ట్వినింగ్ బ్రెమెన్ మ్యూజియంలోని పుర్రెల అలమరాల ముందు నిలబడ్డాడు. ఏది మ్క్వావాది? బతికున్న కుటుంబసభ్యుల తలల కొలతలతో పోల్చి, తూటా రంధ్రం ఉన్న పుర్రెను ఎంపిక చేశాడు. ఏ కొలబద్ద పేరు చెప్పి తలలు దోచుకుపోయారో, ఇంటికి పంపడానికీ చివరికి అదే కొలబద్ద దిక్కయింది! 1954 జూన్‌లో కలెంగాలో మ్క్వావా మనవడు ఆడమ్ సపీకి ఆ పుర్రె అందింది. తరవాత ఆయన స్వతంత్ర దేశ పార్లమెంటుకు స్పీకరయ్యారు. అది మ్క్వావాదేనా అన్న సందేహం చరిత్రకారులకు ఇప్పటికీ ఉంది. కలెంగాలోని చిన్న మ్యూజియంలో మాత్రం అది అద్దాల పెట్టెలో రాజుగారిగానే మర్యాదలందుకుంటోంది.

పత్తిమొక్క పీకడమే యుద్ధభేరి

1905 జులై చివర్లో టాంజానియాలోనే మటుంబీ కొండల్లోని నందేటే ఊరివాళ్లు పొలంలోకి దిగి పత్తిమొక్కలు పీకేశారు. దొరల కోసం వెట్టిగా పండించాల్సిన పత్తి అది. తిండిగింజలు వేసుకునే వేళ దాని చాకిరీలో పోయేది, చేతికొచ్చే డబ్బు పన్నుకు కూడా చాలేది కాదు. అందుకే బాకా ఊదకుండా, మొక్కలు పీకి యుద్ధం ప్రకటించారు.

వాళ్ల వెనక కింజికిటిలే న్గ్వాలే ఉన్నాడు. పూనకంలో పలికే మనిషి. ఆయనిచ్చే మంత్రజలం తాగితే, చల్లుకుంటే తెల్లవాడి తూటా నీరైపోతుందన్నాడు. స్వాహిలీలో నీళ్లంటే ‘మాజీ’. అదే తిరుగుబాటుకు పేరైంది: మాజీ మాజీ. తూటాలు నీరు కాలేదు. కానీ అంతకుముందు ఒకరి పొలిమేర ఒకరు తొక్కని తెగలు, దాదాపు ఇరవై, ఆ నీళ్లతో ఒక్కటయ్యాయి. కింజికిటిలేను ఆగస్టు 4నే ఉరితీశారు. అయినా మంట మరో రెండేళ్లు ఆరలేదు. జర్మన్లు పంటలూ గాదెలూ తగలబెట్టి కరవుతో కొట్టారు. చనిపోయినవాళ్లు రెండు మూడు లక్షలని అంచనా.

ఆ తిరుగుబాటులో కలిసిన న్గోనీల నాయకుడు సొంగియా మ్బానోను 1906లో ఉరితీశారు. ఉరితీసిన పట్నానికి ఇప్పుడు ఆయన పేరే. ఉరితీసినవాళ్లందరినీ కలిపి పాతిన గొయ్యి ఒకచోట, సొంగియా సమాధి విడిగా ఉన్నాయి. సమాధిలో తల లేదని కుటుంబం చెబుతుంది. 2023 నవంబరు 1న జర్మనీ అధ్యక్షుడు ఫ్రాంక్-వాల్టర్ స్టైన్‌మయర్ అక్కడికొచ్చి, వారసుల ముందు క్షమించమని కోరారు. తల వెతికిస్తామన్నారు.

ఈ కథలన్నీ ఎలా నిలిచాయి? 1968లో దార్ ఎస్ సలాం విశ్వవిద్యాలయ విద్యార్థులు నోటుపుస్తకాలు పట్టుకుని ఊళ్లకెళ్లారు. తిరుగుబాటు చూసినవాళ్లు అప్పటికి పండు ముసలివాళ్లు. వాళ్ల ముందు కూర్చుని చెప్పింది చెప్పినట్టు రాసుకున్నారు. జర్మన్ దస్త్రాల్లో ‘మంత్రగాళ్ల గొడవ’గా ఉన్నదాంట్లో పత్తి, పన్ను, కొరడాదెబ్బలు అప్పుడు బయటపడ్డాయి. మరుసటేడే ఇబ్రహీం హుస్సేన్ స్వాహిలీలో ‘కింజెకెటిలే’ నాటకం తెచ్చాడు.

పన్ను ఒక్కటే మిగిలింది

అల్జీరియాకు 2020 జులై 3న ఫ్రాన్స్ నుంచి 24 పుర్రెలు వచ్చాయి. 1849లో జాట్చా ఒయాసిస్సు కోసం పోరాడి ప్రాణమిచ్చిన షేక్ బూజియాన్ పుర్రె వాటిలో ఒకటి. రెండ్రోజులకు, స్వాతంత్ర్య దినాన, సైనిక లాంఛనాలతో ఖననం చేశారు. 2022లో అసలు పత్రాలు బయటికొచ్చాయి. ఆ 24లో ఆరుగురే పోరాటవీరులని నిర్ధారణ. మిగతావాటిలో జైల్లో పోయిన దొంగలవి, ఫ్రెంచి పటాలంలో పనిచేసినవాళ్లవి కూడా ఉన్నాయి. ఇచ్చేటప్పుడు తొందర, పుచ్చుకునేటప్పుడు ఆర్భాటం, మధ్యలో పేర్లు సరిచూడటం ఎవరికీ పట్టలేదు.

కాంగో తొలి ప్రధాని పాట్రిస్ లుముంబాది మరో రకం. 1961 జనవరి 17న ఆయన్ను కాల్చిచంపి, శవాన్ని యాసిడ్‌లో కరిగించారు. ఆ పనిలో ఉన్న బెల్జియం పోలీసు ఒకడు బంగారు తొడుగున్న పన్ను పీకి గుర్తుగా ఇంట్లో దాచుకున్నాడు. కూతురు జూలియానా లుముంబా 2020లో బెల్జియం రాజుకు ఉత్తరం రాసింది. 2022 జూన్ 20న పన్ను కుటుంబానికి అందింది. నిలువెత్తు శవపేటికలో ఆ ఒక్క పన్నే దేశమంతా తిరిగింది. దారిపొడవునా జనం నిలబడ్డారు. జూన్ 30న, దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన రోజున, కిన్షాసాలో సమాధి చేశారు.

అకిడా

వాన్ లూషాన్ పోగేసిన పుర్రెల్లో తూర్పు ఆఫ్రికావి 1,135 బెర్లిన్ పరిశోధకులు పరీక్షించారు. 904 రువాండావి, 202 టాంజానియావి, 22 కెన్యావి. ఏడింటి ఊరు తేలలేదు. చాలావాటి మీద నంబరు తప్ప మరేమీ లేదు. ఒక పుర్రె మీద మాత్రం ఎవరో ‘అకిడా’ అని రాశారు. అది పదవి పేరు. మెలీ కొలువులో పెద్ద సలహాదారుకు ఆ పదవి ఉండేదని ఓల్డ్ మోషీలో తెలుసు. ఆయన వంశమూ ఊళ్లోనే ఉంది. డీఎన్‌ఏ నమూనా తీసి చూస్తే సరిగ్గా సరిపోయింది. 2023 సెప్టెంబరులో ఆ మాట ప్రకటించారు.

నూటపాతికేళ్ల తరవాత ఒక కుటుంబానికి తమ పెద్దాయన దొరికాడు. డీఎన్‌ఏ గొప్పదే. అయితే, ఎవరి నమూనాతో పోల్చాలో దానికి చెప్పింది ఊరు. ‘అకిడా మావాడే’ అని తరాలుగా అనుకుంటూ ఉన్నవాళ్లు లేకపోతే, ఆ పుర్రె ఇవాళ్టికీ అరలో ఒక అంకె.

తాత కోసం డీఎన్‌ఏ ఇచ్చినవాళ్లలో మెలీ మనవడూ ఉన్నాడు. ఆయన నమూనాకు సరిపోయే పుర్రె దొరకలేదు. అరల్లో వెతకాల్సినవి ఇంకా ఉన్నాయి. చెట్టు ఇంకా ఉంది. ఓల్డ్ మోషీలో పిల్లలకు ఎవరో ఒకరు ఆ చెట్టు చూపించి, పేరు చెబుతూనే ఉన్నారు.