మైకము దిగిన మఱునాడు

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణములలో ప్రొద్దుపోయిన పిమ్మట కూలిజనుల వాడలలో నడచు వారికి ఒక చప్పుడు పరిచితమే. తడబడు కాలితో తలుపు తన్నిన చప్పుడది. దాని వెంట తిట్లు, ఆ వెంట గిన్నెలు దొర్లుట, పిమ్మట పసిపిల్లల ఏడ్పు. ఇరుగుపొరుగు వారు దీపములార్పుకొని పడుకొందురు. తెల్లవాఱగనే అదే వాడలో వాకిళ్లు ఊడ్చి ముగ్గులు పెట్టబడును. రాత్రి ఏమియు జరుగనట్లే లోకము నడచును. రాత్రిని గూర్చి మన పత్రికలు అప్పుడప్పుడు వ్రాయుచునే యున్నవి. తెల్లవాఱిన పిమ్మటి ఆ మౌనమును గూర్చి వ్రాసినవారు తక్కువ. మేము నేడు వ్రాయదలచినది దానిని గూర్చియే.

మిర్యాలగూడ బియ్యపు మిల్లుల వెనుకనున్న ఒక సందులో ఒక ఇల్లాలితో మేము కొంతసేపు మాటాడితిమి. భర్త మిల్లులో బస్తాలు మోయు హమాలీ. ముందునాడు కూలి ముట్టిన దినము. ఆమె పగిలిన కుండ పెంకులను చేటలోనికి ఎత్తుచు తల వంచుకొనియే చెప్పినది: "పగటి మనిషి దేవుడు సారూ. పొద్దుగాల కాళ్లు మొక్కుతడు, పిల్ల నెత్తి మీద ఒట్టు పెడ్తడు. రాత్రి మనిషితోటే నాకు భయం. ఇద్దరు ఒక్క మనిషే అని ఎట్ల నమ్మాలె? ఇప్పుడు నేనేం జెయ్యాలె?" ఆ ప్రశ్నకు అప్పటికప్పుడు మేము తగిన జవాబు చెప్పలేకపోతిమి. ఈ వ్యాసము ఆ బాకీ తీర్చుకొను ప్రయత్నము.

ఈ మూడు పట్టణములు బీదపట్టణములు కావు. 1967లో నాగార్జునసాగరము ఎడమకాలువకు నీరు విడిచినది మొదలు మిర్యాలగూడ, హుజూర్‌నగరు, కోదాడ ప్రాంతములు వరిపొలములతో పచ్చబడినవి. ధాన్యము వెంట మిల్లులు, మిల్లుల వెంట లారీలు వచ్చినవి. హైదరాబాదు నుండి విజయవాడకు పోవు రహదారి సూర్యాపేట, కోదాడల మీదుగనే పోవును. ఇచ్చట కష్టించు వానికి పని దొరకును, చేతికి రొక్కమును వచ్చును. అయితే రొక్కము వచ్చిన దినమే పెక్కు ఇండ్లకు గండపు దినమగుట మన కాలపు విడ్డూరము. పొలము నుండి ఇంటికి వచ్చు దారిలో నీళ్లకుండ దొరకకపోయినను సీసా దొరకును. బెల్టుషాపన్న పేరు వినని పల్లె యున్నదా?

ఇది ఒక్క వీధి దుఃఖము కాదు. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబారోగ్య పరిశీలన ప్రకారము తెలంగాణములో 15 ఏండ్లు నిండిన పురుషులలో నూటికి 43 మంది మద్యము త్రాగుచున్నారు. అదే పరిశీలన దేశము మొత్తము మీద మఱియొక లెక్క తేల్చినది. భర్త తఱచుగా తాగి మైకమున నుండు స్త్రీలలో నూటికి 70 మంది దెబ్బలనో, బలాత్కారమునో చవిచూచినవారు. భర్త త్రాగని స్త్రీలలో ఆ సంఖ్య 23. ఈ రెండవ సంఖ్యను పాఠకులు తేలికగా దాటిపోరాదు. త్రాగనివారిలోను కొట్టువారున్నారనియే దాని యర్థము. కావున కల్లు, సారాయి చేయి లేపుటకు బలమిచ్చునేమో గాని, ఆలిని కొట్టవచ్చునన్న బుద్ధి సీసాలో పుట్టినది కాదు. అది ముందే యింటిలో నున్నది.

ప్రభుత్వముల మాట చెప్పక తప్పదు. నిజాము కాలమున ఆబ్కారీ ఖజానాకు పెద్ద ఆదాయమార్గము. ఆ వైపున చెన్నరాజధానిలో రాజాజీ మంత్రివర్గము 1937లో సేలము జిల్లాలో మద్యనిషేధమునకు శ్రీకారము చుట్టి 1938లో చిత్తూరు, కడప జిల్లాలకు విస్తరింపజేసెను. స్వతంత్ర భారత రాజ్యాంగము 47వ అధికరణములో మద్యనిషేధమును ప్రభుత్వముల ధర్మముగా పేర్కొన్నది. ఆ ధర్మము కాగితముపై నున్నది; ఆదాయము ఖజానాలో నున్నది. 2023లో తెలంగాణ ప్రభుత్వము 2,620 మద్యపు దుకాణములకు చీట్లు తీయగా లక్షా ముప్పదివేలకు మించి దరఖాస్తులు వచ్చినవి. ఒక్కొక్క దరఖాస్తుకు 2 లక్షల రూపాయల రుసుము, దుకాణము దక్కినను దక్కకున్నను తిరిగి రానిది. అమ్మకము మొదలుకాక మునుపే 2,600 కోట్లు దాటి రాబడి వచ్చినది. ఆ సొమ్ము చివరకు ఎవరి జేబు నుండి రావలసియున్నదో కుండ పెంకులు ఎత్తు ఆ యిల్లాలికి చెప్పనక్కఱలేదు.

ఆడవారు ఊరకున్నారని యెవరును అనరాదు. 1990 తరువాత నెల్లూరు జిల్లా దూబగుంటలో వయోజన విద్యా కేంద్రమునకు పోయి అక్షరములు దిద్దిన పల్లెపడుచులు సారా దుకాణమును మూయించిరి. ఆ నిప్పు తెలుగునాడెల్ల వ్యాపించెను. 1993 అక్టోబరు 1 నుండి రాష్ట్రమంతట సారా నిషిద్ధమయ్యెను. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము వచ్చెను. 1997లో అది సడలింపబడెను. ఈ సూర్యాపేట ప్రాంతపు బిడ్డయే, 1946-51 నాటి రైతాంగ పోరాటములో తుపాకి పట్టిన మల్లు స్వరాజ్యము, ముదిమిలో సారా వ్యతిరేకోద్యమమునకును ముందు నిలిచెను. దొర గడీ ముందు తలయెత్తిన నేల యిది. అయితే గడీ ఊరి నడుమ కనబడుచుండెను. ఈ పెత్తనము నాలుగు గోడల నడుమ దాగియున్నది. అందుచే దీనితో పోరు కష్టతరము.

నిషేధము వచ్చువఱకు ఆ యిల్లాలు వేచియుండవలెనా? ఆమెకు ఈ రాత్రి గడవవలెను. కావున పెద్ద మాటలు విడిచి ఇంటి మాటలకు వత్తము.

మొట్టమొదట తొలగవలసినది నింద. కులపెద్దలు పంచాయతీ కూర్చుండి ముందడుగు ప్రశ్న "నీవేమంటివి?" అని. కూర చప్పనైనదనియో, ఎదురు మాటాడినదనియో కారణము వెదకుదురు. పిమ్మట "సర్దుకొనుము తల్లీ, మగవాడు, కష్టము చేసి వచ్చినాడు" అని తీర్పు చెప్పి, ఆ తీర్పు చెప్పినందులకు అతనిచేతనే మందు పోయించుకొను పెద్దలును లేకపోలేదు. మేము నిష్కర్షగా చెప్పుచున్నాము: ఒకని త్రాగుడునకు ఆలి కారణము కాదు. ఆమె తన యోర్పుచేత దానిని మాన్పజాలదు. 1935లో అమెరికాలో త్రాగుడు మానగోరు వారి సంఘమొకటి పుట్టగా, 1951లో వారి భార్యలు, బంధువులు తమకై వేఱొక సంఘము నెలకొల్పుకొనిరి. త్రాగువాని వలెనే వాని యింటివారికిని తోడు కావలెనని లోకమునకు ఆ స్త్రీలు తెలిపిరి.

రాత్రి వేళ న్యాయము తేల్చబూనరాదు. మైకములో నున్నవానితో వాదము గోడతో వాదము. సొమ్మేమాయెనని ఆ క్షణమున నిలదీసినచో దెబ్బయే సమాధానము. ఆ వేళ చూడవలసినది ప్రాణరక్షణ యొక్కటే. వంటయింటిలో కత్తిపీట, పొయ్యి యున్నవి. గొడవ ముదిరినప్పుడు అచ్చట చిక్కుకొనరాదు. బయటికి పోవు తలుపు దగ్గఱ నుండవలెను. పిల్లలు ఏ యింటికి పరుగెత్తవలెనో పగలే చెప్పియుంచవలెను. ఆధారు కాగితములు, బ్యాంకు పుస్తకము, రెండు జతల బట్టలు, కొంత చిల్లర నమ్మకమైన చోట ఉంచుకొనవలెను. చేయి లేచినచో 112కు ఫోను చేయవలెను. స్త్రీలకు 181 రాత్రింబవళ్లు పలుకును. ఒళ్లు తెలియక పడియున్నవానిని వెల్లకిల గాక ప్రక్కకు త్రిప్పి పరుండబెట్టవలెను. వాంతి గొంతున కడ్డుపడి ప్రాణము పోవచ్చును. పిలిచినను పలుకక ఊపిరి మందగించినచో వెంటనే ఆసుపత్రికి చేర్పవలెను.

న్యాయము మాటాడవలసినది మఱునాడు, మైకము పూర్తిగా దిగిన పిమ్మట. అప్పుడైనను ఏడ్చుచు గాదు, శపించుచు గాదు. "రాత్రి నీవు ఇది చేసితివి. పిల్ల పుస్తకము చింపితివి. నా చేయి విఱిచితివి. మఱల జరిగినచో నేనిది చేయుదును" అని నెమ్మదిగా చెప్పవలెను. చెప్పిన దానిని చేయవలెను. చేయజాలని బెదిరింపు చేయరాదు. అది వానికి ధైర్యమగును. అతడు కాళ్లు మ్రొక్కినచో, ఒట్టు పెట్టినచో, దానిని నమ్మవలెనా? కన్నీరు నిజమే కావచ్చును. కాని ఒట్టు చికిత్స కాదు. పిల్ల నెత్తిన చేయి పెట్టుటకు బదులు ఆసుపత్రి చీటి చేత పట్టినప్పుడే ఆ పశ్చాత్తాపమునకు విలువ.

"ఇంటిగుట్టు లంకకు చేటు" అని మనవారి సామెత. గుట్టు బయటపడుట చేటని దాని భావము. ఈ విషయమున మాత్రము గుట్టు దాగుటయే చేటు. మిల్లు మేస్త్రీకి "జ్వరము వచ్చినది" అని భార్య కబురంపును. సారా అంగడి అప్పు తన పుస్తెలు కుదువబెట్టి తీర్చును. ముఖము మీది దెబ్బకు మెట్ల మీద పడితినని చెప్పును. ఆమె ప్రేమతోనో, సిగ్గుతోనో చేయు ఈ మూడు పనులును అతనికి ఒక్కటే నేర్పుచున్నవి: త్రాగినందున తనకేమియు నష్టము లేదని. తప్పు చేసినవాడు దాని ఫలమును తానే మోయవలెను.

త్రాగుడు ముదిరినప్పుడు అది రోగము. రోగమునకు వైద్యము కావలెను, తిట్లు గాదు. ఏండ్ల తరబడి దినదినము త్రాగువాడు ఒక్కసారిగా మానినచో చేతులు వణకును, చెమటలు పోయును, ఫిట్లు రావచ్చును. రెండు మూడు దినములలో మతి చలించి లేనివి ఉన్నట్లు కనబడవచ్చును. ఇది ప్రాణాపాయము. కల్లులో క్లోరల్ హైడ్రేటు, డైజిపాము, ఆల్ప్రజోలాము వంటి మందులు కలుపు దుర్మార్గము మన ప్రాంతమున నున్నది. 2015లో ప్రభుత్వము కల్తీకల్లును అరికట్టగా నిజామాబాదు, మహబూబునగరు ఆసుపత్రులకు మతి తప్పినవారు, మూర్ఛలు వచ్చినవారు వరుస కట్టిరి. కావున మాన్పించుట వైద్యుని కనిపెట్టులో జరుగవలెను. వ్యసనవిముక్తికి 14446, మనోవైద్య సలహాకు 14416 అను ఉచిత ఫోనులు గలవు. ఒక హెచ్చరిక: భర్తకు తెలియకుండ అన్నములోనో కూరలోనో మందు మాత్రలు కలుపుటకు కొందఱు అమాయకురాండ్రు పూనుకొందురు. డైసల్ఫిరాము కడుపున నుండగా మద్యము త్రాగినచో గుండె దడ, రక్తపుపోటు పడిపోవుట, ఒక్కొక్కప్పుడు మరణమును కలుగవచ్చును. అది తెలిసి, ఒప్పుకొని, వైద్యుని యెదుట పుచ్చుకొనవలసిన మందు.

చట్టము ఆమె పక్షమున నున్నది. 2005లో చేయబడి 2006 అక్టోబరు 26 నుండి అమలునకు వచ్చిన గృహహింస చట్టము దెబ్బలనే గాక తిట్లను, బెదిరింపును, ఇంటిసొమ్ము తగలవేయుటను గూడ హింసగానే యెంచినది. ఇల్లు ఎవరి పేర నున్నను ఆమెను వెడలగొట్టరాదు. మేజిస్ట్రేటు అతనిని ఆమె జోలికి పోరాదని శాసింపవచ్చును, ఖర్చులిప్పింపవచ్చును. ఆ యాజ్ఞ మీఱినచో ఏడాది వఱకు ఖైదు గలదు. ఆమెయే పోవలసిన పని లేదు. చూచిన పొరుగువారెవరైనను సద్బుద్ధితో రక్షణాధికారికి తెలుపవచ్చును, అందువలన వారిపై ఏ బాధ్యతయు రాదు. స్త్రీకి, ఆమె యాదాయమెంతైనను, ఉచిత న్యాయసహాయము గలదు, దానికి 15100. దీపములార్పుకొని పడుకొను పొరుగువారు ఈ సంగతి మనసున నుంచుకొందురు గాక.

పిల్లలను మఱువరాదు. "నాన్నకు ఒళ్లు బాగులేదు, తప్పు నీది కాదు" అన్న ఒక్క మాట మఱునాటి ఉదయము వారికి చెప్పవలెను. చెప్పనిచో తమ అల్లరి వలననే తండ్రి అట్లయ్యెనని వారు లోలోన కుములుచుందురు. కొడుకు దానినే మగతనమని నేర్చును. కూతురు దానినే కాపురమని నేర్చును.

కడపట మగవారితో ఒక మాట. మహాభారతమున శుక్రాచార్యుని కథ కలదు. రాక్షసులు కచుని చంపి కాల్చి ఆ బూడిదను మద్యములో కలిపి యిచ్చిరి. గురువు త్రాగెను. ఏడ్చినది కూతురు దేవయాని. మైకము దిగిన పిమ్మట ఆ ఋషి "నేనెఱుగను" అని తప్పించుకొనలేదు. రాక్షసుల మీదికే నేరము త్రోయలేదు. తన కడుపు చీల్చుకొని శిష్యుని బయటికి తెచ్చి, నాటి నుండి సురాపానము మహాపాతకమని కట్టడి చేసెను. రాక్షసులకు గురువైనవాడు తన తప్పును తానే శాసనముగ మార్చెను. నేటి మగవానికి అంత తపస్సు అక్కఱలేదు. ఆసుపత్రి వఱకు నడచిన చాలును.

ఆ యిల్లాలికి మా జవాబు ఇది. అమ్మా, ఇద్దఱును ఒక్క మనిషియే. రాత్రి మనిషి చేసిన దానికి పగటి మనిషియే జవాబుదారి. అతడు ఒప్పుకొని వైద్యమునకు పోయినచో తోడు నిలువుము. పోనిచో నీ ప్రాణమును, నీ పిల్లను కాపాడుకొనుము. అది పాపము కాదు. కుండ పెంకులు ఎత్తు పని మాత్రము ఇక నీది కాదు. రేపు తెల్లవాఱిన పిమ్మట అతని చేతికే చేట యిమ్ము.