చిప్ డిజైన్‌కు చేతి పనే అసలు చదువు

1985లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ బెంగుళూరులో అడుగుపెట్టిన నాటి నుంచి దేశంలో చిప్ డిజైన్ రంగం విస్తరిస్తూనే వచ్చింది. అయితే ఖరీదైన సాఫ్ట్‌వేర్ లైసెన్సులు కొనే స్తోమత చాలా కళాశాలలకు లేదు. ఫలితంగా కంపెనీల్లో ఇంటర్న్‌షిప్ దొరికిన కొద్దిమంది విద్యార్థులకే ఆ నైపుణ్యం అబ్బింది.

ఈ లోటు తీర్చేందుకే కేంద్రం 2022లో ‘చిప్స్ టు స్టార్టప్’ పథకం చేపట్టింది. ఐదేళ్లలో 85 వేల మందికి శిక్షణ ఇవ్వాలన్నది లక్ష్యం. బెంగుళూరు సీ-డాక్‌లోని చిప్‌ఇన్ కేంద్రం కళాశాలలకు సాఫ్ట్‌వేర్ అందిస్తోంది. విద్యార్థుల డిజైన్లు మొహాలీ సెమీకండక్టర్ లేబొరేటరీలో 180 నానోమీటర్ల పరిజ్ఞానంతో చిప్‌లుగా రూపొందుతున్నాయి.

ఆ పరిజ్ఞానం పాతదే. అయినా, తాను గీసిన చిప్ పనిచేయకపోతే తప్పెక్కడుందో వెతికి పట్టుకోవడమే విద్యార్థికి అసలు పాఠం. ఆ అవకాశం చిన్న పట్టణాల కళాశాలలకూ అందినప్పుడే పథకం సార్థకమవుతుంది.