రాగి తీగ లెక్క, గాజు తీగ లెక్క

పిల్లలు సాయంత్రం చదువుకునే గదికి ఇంటర్నెట్ పెట్టించినప్పుడు నేనొక పొరపాటు చేశాను. కనెక్షన్ కాగితంలో ‘100 ఎంబీపీఎస్’ అని ఉంది. సెకనుకు వంద ఎంబీ దిగుతుంది కాబోలు అనుకున్నాను. 1200 ఎంబీ ఉన్న పాఠం వీడియో పన్నెండు సెకన్లలో వచ్చేస్తుందని పిల్లలకు ధీమాగా చెప్పాను. గడియారం పెట్టి చూస్తే ఒకటిన్నర నిమిషం దాటింది. “మనల్ని మోసం చేశారా సార్?” అని ఒక పాప అడిగింది. మోసం ఎవరిదీ కాదమ్మా, లెక్క చదవడంలో తప్పు నాదే అన్నాను. సైన్సు చెప్పే మాస్టరునే ఇలా తడబడితే, ఆ గదికి డబ్బిచ్చిన దాతల సంగతేమిటి? అందుకే ఈ నాలుగు మాటలు.

బంగారం కొనేవారికి ఈ చిక్కు తెలిసిందే. పాత తులం 11.66 గ్రాములు. ఇప్పుడు దుకాణంలో తులం అంటే 10 గ్రాములు. ఏడు తులాల దగ్గరికి వచ్చేసరికి దాదాపు పన్నెండు గ్రాముల తేడా. ఇంటర్నెట్ లెక్కలోనూ అంతే. తీగలో పోయేది బిట్లలో కొలుస్తారు, కంప్యూటర్లో దాచేది బైట్లలో కొలుస్తారు. 8 బిట్లు ఒక బైటు. 100 ఎంబీపీఎస్ అంటే సెకనుకు 100 మెగాబిట్లు, అంటే 12.5 మెగాబైట్లు. 1200ను 12.5తో భాగిస్తే 96 సెకన్లు. గడియారం చెప్పింది నిజమే.

ఇక తీగల సంగతి. నా చిన్నప్పుడు ఆళ్లగడ్డ నుంచి నంద్యాలకు మాట్లాడాలంటే ట్రంక్ కాల్ బుక్ చేసి, అబ్బాజాన్ గంటల తరబడి కూర్చునేవారు. ఊరికీ ఊరికీ మధ్య ఒకేసారి మోయగలిగిన మాటలు కొన్నే. తరువాత మాటను అంకెలుగా మార్చే పద్ధతి వచ్చింది. మన గొంతును సెకనుకు 8000 సార్లు కొలిచి, ప్రతి కొలతనూ 8 బిట్లలో రాస్తారు. 8000ను 8తో గుణిస్తే 64,000 బిట్లు, అంటే 64 కిలోబిట్లు. ఒక్క ఫోను మాటకు కావలసింది అంతే. అలాంటివి 32 కలిపి కట్టిన కట్ట పేరు ఈ-1. దాని వేగం 2.048 మెగాబిట్లు. అందులో 30 మాటలకు, మిగిలిన రెండు సమయం కుదర్చడానికి, కాల్ కలపడానికి. ఇది కరెంటు రూపంలో రాగి తీగ మీద నడిచే లెక్క.

గాజు తీగలో, అంటే ఆప్టికల్ ఫైబర్‌లో, అవే బిట్లు వెలుగు మినుకులుగా పోతాయి. కరెంటు వెలుగుగా మారినంత మాత్రాన బిట్ల సంఖ్య మారదు. మారేది కట్ట పరిమాణం. ఫైబర్ మీద మొదటి కట్ట ఎస్‌టీఎం-1, దాని వేగం 155.52 మెగాబిట్లు. ఎస్‌టీఎం-4 దానికి నాలుగింతలు, 622.08. ఎస్‌టీఎం-16 పదహారింతలు, 2488.32. అమెరికా వాళ్లు ఓసీ అనే పేరుతో 51.84 నుంచి లెక్క మొదలుపెడతారు. కనుక వాళ్ల ఓసీ-3, మన ఎస్‌టీఎం-1 వేగంలో సమానం.

ఇప్పుడొక ప్రశ్న. ఒక ఎస్‌టీఎం-1లో ఎన్ని ఈ-1లు పడతాయి? 155.52ను 2.048తో భాగిస్తే 75 దాటి వస్తుంది. కానీ నిజంగా పట్టేవి 63 మాత్రమే. సోనా మసూరి బియ్యం లారీకెత్తేటప్పుడు గోతాం బరువు కూడా తూగుతుంది కదా, ఇదీ అలాగే. ఏ కట్ట ఎక్కడ మొదలైందో చెప్పే గుర్తులకు, తప్పులు పట్టే అంకెలకు, గడియారాల తేడా సర్దడానికి కొంత చోటు పోతుంది. పైగా సర్దే తీరు కూడా నిర్ణయమై ఉంది. మూడు ఈ-1లు ఒక చిన్న కట్ట, ఏడు చిన్న కట్టలు ఒక పెద్ద కట్ట, మూడు పెద్ద కట్టలు ఒక ఎస్‌టీఎం-1. మూడు ఏళ్లు ఇరవై ఒకటి, మూడు ఇరవై ఒకట్లు అరవై మూడు. ఒక్కో ఈ-1కి 30 చొప్పున 1890 మంది ఒకేసారి మాట్లాడుకోవచ్చు. అబ్బాజాన్ ఎదురుచూపులకు ఇదీ జవాబు.

వెలుగు కాబట్టి వేగంగా పరుగెత్తుతుందని చాలామంది అనుకుంటారు. గాజులో వెలుగు సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు సుమారు 40 కిలోమీటర్లు, సెకనులో ఐదు వేలవ వంతు చాలు. రాగిలో సంకేతం కూడా పెద్దగా వెనకబడదు. గాజు గొప్పతనం పరుగులో కాదు, మోసే బరువులో ఉంది.

మన రాష్ట్రంలో కరెంటు స్తంభాల మీదుగా సాగిన ఫైబర్ గ్రిడ్‌ను 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు. నెలకు 149 రూపాయలకు 15 ఎంబీపీఎస్ అన్నారు. ఎనిమిదితో భాగించండి, సెకనుకు రెండు మెగాబైట్లకు కాస్త తక్కువ. ఇళ్లకు ఫైబర్ ఇవ్వడంలో ఎక్కువగా వాడే జీపాన్ పద్ధతిలో వచ్చే వేగం 2488 మెగాబిట్లు, పైన చెప్పిన ఎస్‌టీఎం-16 అంకే. కానీ దాన్ని 32 లేదా 64 ఇళ్లు పంచుకుంటాయి. పైకి పంపే వేగం అందులో సగం. ఇంటి గోడకున్న చిన్న పెట్టె వెలుగును తిరిగి కరెంటుగా మార్చి కంప్యూటర్‌కు అందిస్తుంది.

ఇకమీదట ఏ బడికో, చదువుల గదికో కనెక్షన్‌కు డబ్బిచ్చేటప్పుడు మూడు మాటలు అడగండి. చెప్పిన అంకె బిట్లా, బైట్లా? ఎంతమందితో పంచుకోవాలి? పైకి పంపే వేగం ఎంత? మూడోది మరవకండి. స్కాలర్‌షిప్ దరఖాస్తుకు ఆఖరి రోజు పిల్లలు సర్టిఫికెట్లు పంపేది ఆ దారినే. మా గదిలో ముప్పై మంది ఒకేసారి కూర్చుంటే 100లో ఒక్కొక్కరికి దక్కేది మూడు మెగాబిట్లకు కాస్త పైన. పాఠం చూడటానికి అది చాలు. అందరూ ఒకేసారి వీడియోలు దింపుకోవడానికి చాలదు. అందుకని పెద్ద వీడియోలు రాత్రే ఒక కంప్యూటర్‌లో దించి ఉంచుతున్నాం. కనెక్షన్ పెంచలేదు, రూపాయి ఎక్కువ కాలేదు. నన్ను నిలదీసిన పాపే ఇప్పుడు కొత్తగా వచ్చిన పిల్లలకు ఎనిమిదితో భాగించడం నేర్పుతోంది.