ఇద్దరు దిద్దిన పేపరు

మూడో సంవత్సరం క్లాసులో వెబ్ డిజైన్ పాఠం చెబుతుంటే వెనక బెంచీ అమ్మాయి లేచి అడిగింది: "మేడమ్, మనమైతే బొమ్మ చూసి ఈ క్యాలెండర్ బాగుంది, ఇది వద్దు అనుకుంటాం. కోడ్ రాసే ఏఐ ఏజెంట్ ముందు వందల కాంపొనెంట్లు ఉంటే, కావలసినది దానికెలా దొరుకుతుంది?" అప్పటికప్పుడు సగం జవాబే చెప్పగలిగాను. మిగతా సగం కోసం నేనూ పిల్లలూ కలిసి ల్యాబ్‌లో కాంపొనెంట్లను వెతికిపెట్టే సెర్చ్ టూల్ ఒకటి కట్టడం మొదలుపెట్టాం.

బటన్లు, మెనూలు, ఫారాల వంటి తెర ముక్కల్ని, అంటే కాంపొనెంట్లను, ఒకసారి చేసిపెట్టుకుని పదేపదే వాడుకోవడం కొత్తేమీ కాదు. 2011లో బూట్‌స్ట్రాప్, 2013లో రియాక్ట్ అనే వెబ్ సాధనాలు వచ్చాక అందరికీ అదే అలవాటైంది. చిక్కంతా పేర్లతోనే. పని పూర్తయ్యాక తెర అంచున కాసేపు కనిపించి మాయమయ్యే సందేశాన్ని కొందరు టోస్ట్ అంటారు, గూగుల్ వారి మెటీరియల్ డిజైన్‌లో అది స్నాక్‌బార్. ఒకరి స్విచ్ ఇంకొకరికి టాగిల్. ఆనపకాయ అన్నా సొరకాయ అన్నా ఒకటేనని మనకు తెలుసు. అక్షరాలు పోల్చి చూసే ప్రోగ్రాముకు ఆ సంగతి ఎవరు చెప్పాలి?

దొరక్కపోతే ఏజెంట్ ఊరుకోదు, తానే కొత్తది రాసేస్తుంది. అలా ఒకే యాప్‌లో నాలుగు రకాల క్యాలెండర్లు చేరతాయి. పోనీ అని యాభై ఫలితాలు ముందు పోస్తే, అది ఒక్కసారిగా గుర్తుంచుకోగల చోటులో చాలా భాగం వాటికే పోతుంది. కాబట్టి మొదటి మూడు ఫలితాల్లోనే సరైనది ఉండాలి.

ఇక్కడ ఆదుకున్నది 1972 నాటి ఆలోచన. కేంబ్రిడ్జ్‌లో పనిచేసిన కారెన్ స్పార్క్ జోన్స్, పత్రాల్లో వెతికే పద్ధతుల గురించి రాస్తూ ఒక మాట అన్నారు: అన్ని పత్రాల్లోనూ కనిపించే పదానికి విలువ తక్కువ, అరుదైన పదానికి ఎక్కువ. లెక్క చూడండి. మన దగ్గర 1024 కాంపొనెంట్లు ఉన్నాయనుకుందాం. 'బటన్' అన్న మాట 512 వివరణల్లో ఉంది. అది వినగానే వెతకాల్సిన గుంపు ఒక్కసారి సగమైంది, కనుక దాని బరువు 1. 'క్యాలెండర్' 8 వివరణల్లోనే ఉంది. 1024ను 8 దాకా తేవాలంటే ఏడుసార్లు సగం చేయాలి, కనుక బరువు 7. ఇన్నేళ్లుగా చెబుతున్నా ఈ లెక్క బోర్డు మీద వేసిన ప్రతిసారీ నాకు ఒళ్లు పులకరిస్తుంది. తర్వాత లండన్‌లో స్టీఫెన్ రాబర్ట్‌సన్ బృందం దీన్ని బీఎం25 అనే సూత్రంగా తీర్చిదిద్దింది. ఒకే మాటను పదిసార్లు రాసినా పది రెట్లు మార్కులు పడకుండా చేసింది.

రెండో దారి కార్నెల్‌లో జెరార్డ్ సాల్టన్‌ది. ప్రతి పత్రాన్నీ ఆకాశంలో ఒక బాణంలా ఊహించమన్నారాయన. రెండు బాణాల మధ్య కోణం ఎంత చిన్నదైతే అంత దగ్గరి బంధుత్వం. అయితే ఆయన బాణాలకు దిక్కులు పదాలే, కాబట్టి టోస్ట్, స్నాక్‌బార్ ఒకదానికొకటి లంబంగా నిలబడేవి. 2013లో వర్డ్‌టువెక్ అనే పద్ధతి వచ్చింది. ఒక పదం ఏ పదాల సరసన వస్తుందో చూసి దిక్కులను యంత్రమే నేర్చుకోవడం అప్పటినుంచి ఊపందుకుంది. ఇప్పుడు ఆ రెండు బాణాలూ పక్కపక్కనే ఉంటాయి. కానీ దీనికీ ఒక లోపముంది: కచ్చితమైన పేరు చెప్పి అడిగినా, ఒక్కోసారి దాని అన్నదమ్ముల్ని ముందు తెచ్చి చూపిస్తుంది.

పదాలు చూసే పద్ధతినీ అర్థం చూసే పద్ధతినీ ఇద్దరు పరీక్షకులనుకుని కలుపుదామంటే మార్కులు కలవవు. మొదటిది 14.2 అంటుంది, రెండోది 0.83 అంటుంది. ఒకే పేపరును ఇద్దరు దిద్దే డబుల్ వాల్యుయేషన్‌కు కూర్చున్నవాళ్లకు ఈ బాధ తెలుసు: ఒకరిది ధారాళమైన చెయ్యి, ఇంకొకరిది పొదుపు చెయ్యి. 2009లో గోర్డన్ కార్మాక్, చార్లెస్ క్లార్క్, స్టెఫాన్ బట్చర్ చూపిన ఉపాయం ఎంత సరళమో చూడండి. మార్కులు పారేయండి, ర్యాంకులే ఉంచుకోండి. ర్యాంకుకు 60 కలిపి, 1ని దానితో భాగించి, ఇద్దరివీ కూడండి.

'సెలవు మొదటి రోజు, చివరి రోజు ఎంచుకునే క్యాలెండర్' అని అడిగామనుకోండి. మామూలు క్యాలెండర్‌కు పదాల దగ్గర 1వ ర్యాంకు, అర్థం దగ్గర 10వది. రెండు తేదీలు తీసుకునే క్యాలెండర్‌కు 3, 2. 60 కలపకపోతే మొదటిదానికి 1.1, రెండోదానికి 0.83 వచ్చి తప్పుడుది గెలుస్తుంది. 60 కలిపితే 0.0307, 0.0320. సరైనది పైకొస్తుంది. ఒక్కరికి మరీ నచ్చినదానికంటే ఇద్దరూ బాగుందన్నదానికి పెద్దపీట వేయడమే ఆ 60 చేసే పని.

ఈమధ్య కథ వేగంగా నడిచింది. 2024 నవంబరులో ఏఐ సంస్థ ఆంత్రోపిక్ ఎంసీపీ అనే ఒప్పందాన్ని బయటపెట్టాక, ఇలాంటి టూల్‌ను ఆ ఒప్పందం తెలిసిన ఏ ఏజెంటయినా ఒకే పద్ధతిలో పిలవగలుగుతోంది. షాడ్‌సీఎన్ వంటి రిజిస్ట్రీలు ప్రతి కాంపొనెంట్‌కూ పేరు, వివరణ, అది ఆధారపడే ముక్కలు, ఫైళ్లు ఒక చీటీలా రాసిపెడుతున్నాయి. ఏజెంట్ చదివేది ఆ చీటీనే.

మా టూల్ నడిచిన రోజు ఆ అమ్మాయే కూర్చుని, తెలుగులో 'పుట్టినరోజు ఎంచుకునే పెట్టె' అని కొట్టింది. వివరణలన్నీ ఇంగ్లిషులో ఉన్నాయి. పదాలు చూసే పరీక్షకుడి చేతిలో ఒక్క ఫలితం లేదు. మేం వాడినది అనేక భాషలు నేర్చిన మోడల్ కనుక, అర్థం చూసే పరీక్షకుడు డేట్ పికర్‌ను మొదట పెట్టాడు. 1/61కి సున్నా కలిసింది, అయినా అదే పైన నిలిచింది. తర్వాత 'అటూ ఇటూ జరిపే మీట' అని కొట్టింది. మనసులో ఉన్నది స్విచ్. స్లైడర్ మొదట వచ్చింది, స్విచ్ రెండోది.

"తప్పు దానిది కాదు మేడమ్," అంది తెరవైపే చూస్తూ, "జరిపే అన్నాను కదా, నొక్కే అనాల్సింది."