కార్యాలయపు కాగితము: కొనుగోలులో విజ్ఞానము

2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రముగా పల్నాడు జిల్లా ఏర్పడినది. అక్కడి కలెక్టరు కార్యాలయము మొదలు గురజాల, మాచర్ల మండల కార్యాలయముల వరకు, కంప్యూటరు ఫైళ్ళు వచ్చిన తరువాత కూడ, కాగితము లేనిదే పని జరుగదు. దానిని కొనునప్పుడు సాధారణముగా అడుగు ప్రశ్న "రీము వెల యెంత?" అనునది. అది దేనితో తయారైనది, ఎంత బరువుగలది, ఎంతకాలము నిలువవలెను అను మూడు ప్రశ్నలు కూడ అడుగవలసియున్నది.

కాగితమునకు మూలము చెట్టులోని సెల్యులోజు పీచు. రాజమహేంద్రవరములోని కాగితపు మిల్లు రైతులు పెంచిన సుబాబులు, సరుగుడు, జామాయిలు కర్రను వాడుచున్నది. కర్ర ముక్కలను కాస్టిక్ సోడా, సోడియం సల్ఫైడు ద్రావణములో ఉడికించినచో పీచులను అంటిపెట్టుకొనియున్న లిగ్నిన్ కరిగిపోవును, గుజ్జు మిగులును. ఆ నల్లని ద్రావణమును చిక్కబరచి కాల్చినచో వేడి లభించును, సోడియం కార్బనేటు మిగులును. దీనికి సున్నము కలిపిన మరల కాస్టిక్ సోడా వచ్చును. అడుగున చేరిన కాల్షియం కార్బనేటును కాల్చినచో, పిడుగురాళ్ళ బట్టీలలో సున్నపురాయి కాలి సున్నమైనట్లే, తిరిగి సున్నమగును. ఈ విధముగా మిల్లులో సోడా, సున్నము చాలవరకు తిరిగి వచ్చుచున్నవి. పీచు మాత్రము కాగితముతోపాటు వెడలిపోవును. చిత్తుకాగితమును మనము తిరిగి పంపిననే అది మిల్లు చేరును. అయితే ప్రతి ఆవృత్తిలోను పీచు పొట్టియై బలము తగ్గును గనుక కొంత క్రొత్త గుజ్జు ఎప్పుడును కావలెను.

ఇక బరువు సంగతి చూతము. ఎ4 కాగితము 21 సెంటీమీటర్ల వెడల్పు, 29.7 సెంటీమీటర్ల పొడవు ఉండును. చదరపు మీటరునకు 75 గ్రాముల రకమైనచో 500 కాగితముల రీము సుమారు 2.34 కిలోగ్రాములు, 70 గ్రాముల రకమైనచో 2.18 కిలోగ్రాములు. ఒక కార్యాలయము ఏటా 1,000 రీములు కొనుననుకొందము. పలుచని రకము కొనినచో సుమారు 156 కిలోగ్రాములు ఆదా. అన్నిటిని రెండువైపుల ముద్రించినచో 500 రీములే చాలును. ఆదా 1,170 కిలోగ్రాములు! కనుక రెండువైపుల ముద్రించు యంత్రమును కొనుట కూడ కాగితపు పొదుపులో భాగమే.

అన్ని పనులకు ఒకే కాగితము తగదు. చిత్తుప్రతులకు, సర్క్యులర్లకు చిత్తుకాగితపు గుజ్జుతో చేసినది చాలును. భూమి దస్తావేజులు మాత్రము తరతరములు నిలువవలెను. లిగ్నిన్ మిగిలిన కాగితము వెలుతురుకు పసుపెక్కును. ఆమ్లమున్న కాగితము పెళుసెక్కి విరుగును. రైతు హక్కును తెలుపు పత్రము పొడియైనచో ఆ నష్టమును పొదుపు పూడ్చలేదు. అట్టివానికి ఆమ్లరహితమై, కాల్షియం కార్బనేటు కలిసిన కాగితమే వాడవలెను.

కొనుగోలుదారునకు గుర్తుగా భారత ప్రభుత్వము 1991లో ఎకోమార్కు పథకమును ప్రవేశపెట్టి, 2024లో క్రొత్త నియమములను ప్రకటించినది. టెండరులో బరువు, పీచు మూలము, మన్నిక స్పష్టముగా వ్రాసిననే అమ్మువారు వానిని పాటింతురు.

ఉపాధ్యాయులు ఒక వారముపాటు పాఠశాలలో ఒకవైపే వాడిన కాగితములను పోగుచేయించి, విద్యార్థులచే తూయించి, సంవత్సరపు లెక్క కట్టింపవచ్చును. మరుసటి యేడు పాఠశాల ఎన్ని రీములు కొనవలెనో ఆ లెక్కయే చెప్పును.